గవర్రాజు పెళ్లి ఫైలు

ప్రభంజనరావు గారు మా సంస్థకు మేనేజింగ్ డైరెక్టరుగా వచ్చిన పదకొండో రోజున ఇద్దరు వడ్రంగులు రంపాలు పట్టుకుని వచ్చి మా గోడలు కోసేశారు.

గోడలంటే ఇటుక గోడలు కావు. కాకినాడలో మా తాటి ఉత్పత్తుల అభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయంలో ఇరవై ముగ్గురం పనిచేస్తాం. ఒక్కొక్కరికీ మూడు పక్కలా ప్లైవుడ్డు చెక్కలు నిలబెట్టి, కూర్చుంటే తల కనిపించనంత ఎత్తున ఒక గూడు కట్టి ఇచ్చారు. అందులో ఒక కంప్యూటరు, ఒక కుర్చీ, ఎవరి ఇష్టదైవం పటం వారిది. వడ్రంగులు ఆ గూళ్లన్నిటినీ మోకాలి ఎత్తుకు కోసి మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్లిపోయారు. రంపపు పొట్టు దులుపుకుని తలెత్తితే అందరం అందరికీ కనిపించాం. అంతటి ఎకౌంట్సు ఆఫీసరు శ్యామలాంబ గారు చెప్పులు విప్పేసి, కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటారని నాకు ఆ రోజే తెలిసింది.

ఎం.డి. గారు అంతకు ముందు నెలలో ఏదో చల్లటి ఊళ్లో మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చారు. శిక్షణ పారదర్శకత మీద. ఆయన హాలు మధ్యలో నిలబడి, "దాచుకోవలసింది ఏమీ లేనివాడికి గోడతో పనేమిటి?" అని అడిగారు. జవాబు ఎవరికీ తోచలేదు కాబట్టి చప్పట్లు కొట్టాం.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. ఆఫీసు వేళల్లో సిబ్బంది ఇంటర్నెట్టులో సొంత పనులు చూసుకుంటున్న సంగతి యాజమాన్యం దృష్టికి వచ్చిందనీ, అయినా దాన్ని నిషేధించడం లేదనీ అందులో ఉంది. "నిషేధం పాతకాలపు పద్ధతి కామేశం గారూ. మనం నిషేధించం. చూస్తాం, అంతే" అని ఎం.డి. గారు నాతో స్వయంగా అన్నారు. నేను సూపరింటెండెంటుని. సర్క్యులర్లన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి.

పద్ధతి ఇదీ. వచ్చేటప్పుడే సెల్‌ఫోన్లు గేటు దగ్గర తాటాకు బుట్టలో వేసి రావాలి. ఒంటిగంటా నలభై నుంచి రెండు దాకా, రోజుకొకరు, వంతుల ప్రకారం సొంత పనికి ఇంటర్నెట్టు వాడుకోవచ్చు. ఎందుకు వాడుతున్నదీ రిజిస్టరులో ముందే రాయాలి. వాడవలసింది హాల్లో పెట్టిన పారదర్శక కంప్యూటరునే. దాన్ని గోడమీది పెద్ద టీవీకి కలిపారు. పూర్వం ఆఫీసుకు వచ్చినవాళ్లకు ఆ టీవీలో తాటిబెల్లం తయారీ చూపించేవాళ్లం. ఏడో నిబంధన ప్రకారం టీవీ మీద కనిపించిన ప్రతిదీ కార్యాలయ రికార్డు కిందే లెక్క.

మొదటి రెండు వారాల్లో మా సిబ్బందిలో ఇంత భక్తి ఉందని దేవుడికి కూడా తెలిసి ఉండదు. ఒకాయన విష్ణు సహస్రనామం పెట్టుకుని ఇరవై నిమిషాలూ కళ్లు మూసుకున్నాడు. ఇంకొకాయన రాజ్యాంగం చదివాడు. శ్యామలాంబ గారు రిజిస్టరులో "జ్ఞానసముపార్జన" అని రాసి, శ్రీలంకలో తాటిచెట్ల గణాంకాలు చూశారు. సిబ్బంది నైతిక ప్రవర్తన ఎనభై ఏడు శాతం మెరుగుపడిందని ఎం.డి. గారు పైకి నివేదిక పంపారు. అంతకు ముందు ఎంత ఉండేదో ఎవరూ కొలవలేదు గానీ, ఆ అంకె మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మూడో వారం మంగళవారం పంపన గవర్రాజు వంతు వచ్చింది.

గవర్రాజు సీనియర్ అసిస్టెంటు. యాభై ఒక్కేళ్లవాడు. భార్య పోయి ఆరేళ్లయింది. ఒక్కతే కూతురు, విశాఖపట్నంలో నర్సింగు చదువుతోంది. మనిషి ఎంత సూటివాడంటే, ఆలస్యంగా వచ్చిన రోజు ఎందుకాలస్యమైందని అడిగితే "లేవబుద్ధి కాలేదండి" అని చెబుతాడు. ఆ రోజు రిజిస్టరులో కారణం అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో "రెండో పెళ్లి" అని రాశాడు.

టీవీ మీద పెళ్లి సంబంధాల పేజీ తెరుచుకుంది. భోజనాల దగ్గర నోళ్లు ఆగిపోయాయి. ఒక ఆవిడ ఫొటో వచ్చింది. ఖాకీ చొక్కా వేసుకుని, భుజాన సంచీతో, ఎండకు కళ్లు చికిలించి చూస్తోంది. కొప్పిశెట్టి హైమావతి, నలభై ఆరేళ్లు, రామచంద్రపురం, బస్సు కండక్టరు, భర్త లేరు, పిల్లలు లేరు. కింద ఆవిడ రాసిన ఒక్క వాక్యం: "మీ వివరాలు చూశాను, మాట్లాడుకోవచ్చు."

నేను గవర్రాజును పక్కకు పిలిచాను. పక్క అనేది లేదు కాబట్టి ఉన్నచోటే గొంతు తగ్గించాను.

"ఇదేంటయ్యా, ఊళ్లో నెట్టు సెంటర్లు లేవా?"

"అమ్మాయి పోరు పెట్టి నా పేరు అందులో ఎక్కించిందండి. నాది చూస్తే బటన్ల ఫోనాయె. నెట్టు సెంటరుకెళ్లి చాటుగా చూసుకుంటే ఏదో తప్పుడు పని చేస్తున్నట్టుంటదండి. ఆఫీసులో వాడుకోవచ్చని రూలుంది కదండీ మరి?"

ఉంది. ఆ రూలు కింద సంతకం నాదే.

సాయంత్రానికి పరిపాలనాధికారి జగ్గప్ప గారికి ఒక ధర్మసందేహం వచ్చింది. జగ్గప్ప గారికి ముప్పై ఏళ్ల సర్వీసుంది. సందేహం వస్తే అది తీరేదాకా ఇతరులను నిద్రపోనివ్వరు. "టీవీ మీద కనపడింది రికార్డు అయినది. రికార్డు అన్న తర్వాత ఫైలుండవలెను. ఫైలున్న తర్వాత నిర్ణయముండవలెను. కావున ఈ వివాహ విషయమై కార్యాలయం ఒక నిర్ణయం తీసుకొనక తప్పదు" అన్నారు. అందులో తప్పు ఎక్కడుందో నేను మూడుసార్లు వెతికాను. దొరకలేదు. ఫైలు నంబరు 114 తెరిచాను. విషయం: శ్రీ పి. గవర్రాజు, సీనియర్ అసిస్టెంటు, ద్వితీయ వివాహము, గురించి.

ఫైలు శ్యామలాంబ గారి బల్ల మీదికి వెళ్లింది. మర్నాడు ఆవిడ గవర్రాజును పిలిచి నిలబెట్టారు.

"సంస్థ టీవీ, సంస్థ కంప్యూటరు వాడి చేస్తున్న ఎంపిక ఇది. ఎంపిక ఏదైనా కొనుగోళ్ల నిబంధనలే వర్తిస్తాయి. కనీసం మూడు ప్రతిపాదనలుండాలి. మీరు ఒక్కటే జతపరిచారు."

"పలికింది ఆవిడొక్కరేనండి."

"ఒకే ప్రతిపాదన మీద ముందుకెళ్లాలంటే, ఇటువంటిది మరెక్కడా లభ్యం కాదని ధ్రువీకరణ పత్రం కావాలి."

గవర్రాజు జేబులోంచి కలం తీశాడు. "అలాంటి మనిషి ఇంకెక్కడా దొరకదని రాసిమ్మంటారాండి? రాసిస్తానండి."

శ్యామలాంబ గారు కళ్లజోడు తీసి ఆయన వంక చూశారు. ఒక్క క్షణం ఆవిడ ముఖం ఎకౌంట్సు ఆఫీసరు ముఖంలా లేదు. మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, "మనిషిని చూడకుండా ఎలా ధ్రువీకరిస్తారు? చెల్లదు" అన్నారు.

దానితో ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షులు జగ్గప్ప గారు, సభ్యులు శ్యామలాంబ గారు, సభ్య కార్యదర్శిని నేను. గవర్రాజును ప్రత్యేక ఆహ్వానితుడిగా వేశాం. ఓటు లేదు.

సంఘం మొదటి పని ఉత్తరప్రత్యుత్తరాలు. కార్యాలయం నుంచి బయటికి వెళ్లే ఏ ఉత్తరమైనా ముసాయిదా దశలో ఆమోదం పొందాలి కాబట్టి గవర్రాజు హైమావతికి రాయబోయే ప్రతి మాటా మా ముందుకు వచ్చేది. "మీకు చేపల పులుసు ఇష్టమేనాండీ?" అని ఆయన రాసుకొచ్చాడు. జగ్గప్ప గారు ఎర్ర సిరాతో దిద్దారు. ఆఖరికి టీవీ మీద వెళ్లింది ఇది: "తమరి ఆహారపు అలవాట్లు, విశేషించి మత్స్య సంబంధ వంటకముల విషయమై తమ అభిప్రాయమును సత్వరమే తెలియజేయవలసినదిగా కోరడమైనది."

హైమావతి జవాబు ఇచ్చింది: "ఇష్టమే. మీ ఒంట్లో బాగానే ఉందా?"

హాలంతా ఘొల్లుమంది. గవర్రాజు మాత్రం ఆ రెండు వాక్యాలనూ ఇరవై నిమిషాలూ చూస్తూ కూర్చున్నాడు. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకుందామని ఆవిడ అడిగితే, ఆ అంశం సంఘం తదుపరి సమావేశానికి వాయిదా పడింది. ఫైలు నడుస్తుండగా బయట నుంచి సంప్రదించకూడదని ఆయన చేత ఒక కాగితం మీద సంతకం కూడా తీసుకున్నాం.

సంగతి పాకింది. పక్క భవనంలోని గుమస్తాలు ఒంటిగంటా ముప్పైకల్లా క్యారియర్లు పట్టుకుని మా హాల్లోకి రావడం మొదలుపెట్టారు. తాటిబెల్లం లైసెన్సు కోసం వచ్చిన తుని వ్యాపారి ఒకడు పని అయిపోయినా రోజూ రావడం మానలేదు. కుర్చీలు చాలక బెంచీలు వేయించాం. గవర్రాజుకు రోజూ వంతు ఇవ్వాలని ఎం.డి. గారే ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చారు. "ప్రజలు ప్రభుత్వ సంస్థలోకి స్వచ్ఛందంగా వస్తున్నారు. పారదర్శకతకు ఇంతకన్నా నిదర్శనమేం కావాలి?" అని మురిసిపోయి, ఆ ఊపులో గదుల తలుపులు కూడా తీయించేశారు. తమ గది తలుపుతో సహా. ఆ మాట ఒప్పుకోవాలి, ఆయన తనకొక న్యాయం, మనకొక న్యాయం అనే మనిషి కాదు.

ఒకరోజు గవర్రాజు భోజనం చేయకుండా మెట్ల మీద కూర్చుని ఉంటే దగ్గరికి వెళ్లాను. లోపల బెంచీల మీద జనం సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"మా ఆవిడ పోయిన్నాడు కూడా ఇంతమంది రాలేదండి, కామేశం గారూ" అన్నాడు.

ఆ రోజు నేనూ వెళ్లలేదు. ఏదో తనిఖీ ఉండింది.

మర్నాడు ఆయన తన విషయం విరమించుకుంటున్నట్టు అర్జీ పెట్టాడు. కారణం అన్నచోట "సిగ్గుగా ఉంది" అని రాశాడు. జగ్గప్ప గారు దాన్ని తిప్పి పంపారు. ఫైలు మూసివేతకు నిబంధనల్లో ఆరు కారణాలున్నాయి, సిగ్గు వాటిలో లేదు.

కావలసిన మిగతా రెండు ప్రతిపాదనలను సంఘమే టీవీ మీద వెతికి పట్టుకుంది. ఒకావిడది తుని. వారం తిరక్కుండానే ఆవిడ పేరు పేజీలోంచి పోయింది, పెళ్లయిపోయి ఉంటుంది. రెండో ఆవిడది రాజోలు, బడిలో పనిచేస్తుంది. మా ఉత్తరాలు దేనికీ పలకలేదు. నేను తులనాత్మక పట్టిక గీశాను. హైమావతికి స్థిరత్వం కింద సున్నా పడింది, రోజుకు నాలుగుసార్లు ఊరు మారుతుంది కాబట్టి. రాజోలు ఆవిడకు సమ్మతి కింద పూర్తి మార్కులు పడ్డాయి, ఇంతవరకూ ఎలాంటి అభ్యంతరమూ వ్యక్తం చేయలేదు కాబట్టి.

"ఆవిడసలు నాతో మాట్టాడనే లేదు కదండీ" అన్నాడు గవర్రాజు.

"మాట్లాడకుండుట అనర్హత కాదు. పైపెచ్చు..." అని ఇంట్లో జ్ఞాపకం ఏదో వచ్చినట్టు జగ్గప్ప గారు ఆగిపోయారు.

రాజోలు ప్రతిపాదన ఏకగ్రీవంగా నెగ్గింది. ఎం.డి. గారు ఆకుపచ్చ సిరాతో "ఆమోదించడమైనది" అని రాశారు. నెగ్గనివారికి తెలియజేయడం మర్యాద కాబట్టి, హైమావతి పనిచేసే డిపో చిరునామాకు సంస్థ లెటర్‌హెడ్ మీద రిజిస్టర్డు పోస్టు పంపాను. "తమ ప్రతిపాదన తులనాత్మక పరిశీలనలో ద్వితీయ స్థానమున నిలిచినందున అంగీకరించబడలేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. అభ్యంతరమున్నచో పదిహేను రోజుల్లోగా స్వయంగా హాజరై అప్పీలు చేసుకొనవచ్చును."

ఆ కాగితం నకలు ఫైల్లో చూసి గవర్రాజు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సంతకం మీరే పెట్టారాండి?"

"హోదా రీత్యా పెట్టాలి కదయ్యా."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. మోకాలెత్తు గూట్లోకి వెళ్లి కూర్చుని, అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అటు తిరిగినా ఇరవై ఇద్దరికీ కనిపించాడు.

ఉత్తరం పోస్టు చేసిన ఆరో రోజు, సరిగ్గా ఒంటిగంటా నలభైకి, హాలు కిటకిటలాడుతుండగా వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"కాస్త ముందుకి జరగండి, ముందుకి జరగండి! దారిలో నిలబడకండి బాబూ!"

అది రోజూ అదే మాట అరిచి అరిచి పదునెక్కిన గొంతు. బెంచీలు వాటంతట అవే రెండుగా చీలాయి. ఖాకీ చొక్కా వేసుకున్న ఆవిడ నడుచుకుంటూ వచ్చి, మా లెటర్‌హెడ్ కాగితం పైకెత్తి పట్టుకుంది.

"దీని మీద సంతకం పెట్టిన కామేశం గారెవరండి?"

నేను లేచి నిలబడ్డాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరి ముందూ అంత తొందరగా లేవలేదు.

"ఈ ఉత్తరం మా డిపోలో అందరి ముందూ విప్పి చదివారండి. ఏదన్నా ఉద్యోగానికి పెట్టుకున్నావా హైమా అని అడిగారు. నేనెప్పుడు దరఖాస్తు పెట్టుకున్నానండీ మీకు? ఒకాయన పలకరిస్తే పలికాను. అంతేగా?"

జగ్గప్ప గారు ముందుకు వచ్చారు. "అప్పీలు నిర్ణీత నమూనాలో మూడు ప్రతులు..."

"చిల్లర లేదని చెప్పినంత తేలిగ్గా చెప్తున్నారేంటండీ! మనుషుల్ని పట్టికేసి కొలుస్తారా? ఇంతకీ నన్ను ఓడించినావిడ ఎవరో ఆవిడకన్నా తెలుసా?"

ఈ గొడవకి ఎం.డి. గారు తలుపు లేని గదిలోంచి బయటికి వచ్చి, "అమ్మా, అప్పీలు విచారణ ఇక్కడే, అందరి సమక్షంలో, పూర్తి పారదర్శకంగా జరిపిద్దాం. కూర్చోండి" అన్నారు ఆదరంగా. ఆయనకు ఆ దృశ్యం ఎంతో నచ్చినట్టుంది.

ఆవిడ కూర్చోలేదు. హాలంతా కలియజూసి, "గవర్రాజు గారెవరండి?" అంది.

గవర్రాజు లేచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే మొదటిసారి. ఆయన చొక్కా మొదటి గుండీ ఊడిపోయి ఉంది. చేత్తో కప్పుకున్నాడు.

"చేపల పులుసు సంగతి అడిగింది మీరేనాండి?"

"నేనేనండి. అడిగింది నేనే. ఆ భాష మాత్రం నాది కాదండి."

"మరి మీ భాషలో అడగండి, వింటాను."

గవర్రాజు నోరు తెరిచాడు. వంద మంది ఊపిరి బిగబట్టారు. తుని వ్యాపారి మెడ చాచాడు. గవర్రాజు నోరు మూసుకుని తల దించుకున్నాడు.

హైమావతి ఆయన్ని చూసింది, మమ్మల్ని చూసింది, కోసిన గోడలు చూసింది, తలుపుల్లేని గుమ్మాలు చూసింది.

"మొత్తం ఈ మేడలో ఇద్దరు మనుషులు మాట్టాడుకోటానికి చోటు లేదాండీ?"

"అదే మా ప్రత్యేకత" అన్నారు ఎం.డి. గారు.

"అయితే పదండి గవర్రాజు గారూ. రెండూ పదికి మా బస్సుంది. నా డ్యూటీ ఇవాళ పొద్దుటితో అయిపోయింది. వెనక సీట్లో కూర్చుని మాట్టాడుకుందాం."

గవర్రాజు ఆవిడ వెనకే నడిచాడు. ఫోను బుట్టలోంచి తీసుకోవడం కూడా మరిచిపోయాడు. హాలు ఘొల్లుమనలేదు. శ్యామలాంబ గారు తన కుర్చీ కాస్త వెనక్కి జరిపి వాళ్లకు దారి ఇచ్చారు.

జగ్గప్ప గారు నా భుజం కుదిపారు. "వెళ్లండి! సభ్య కార్యదర్శి లేని సంభాషణ చెల్లదు! మినిట్సు రాసుకురండి!"

నోటుపుస్తకం పట్టుకుని పరుగెత్తాను. బస్సు కదులుతుండగా ఎక్కాను. లోపల డెబ్భై మంది దాకా ఉన్నారు. కోళ్ల గంపతో ఒకావిడ, నిద్రపోతున్న పెద్దాయన, పరీక్షల గురించి అరుచుకుంటున్న కాలేజీ పిల్లలు. వెనక సీట్లో మూల కూర్చున్న ఆ ఇద్దరి వంక ఒక్కరంటే ఒక్కరు తిరిగి చూడలేదు. ఎవరి దారి వారిది. వాళ్ల ముందు సీటు ఖాళీ అయితే నేను కూర్చున్నాను. నన్ను చూసి గవర్రాజు మాట ఆపేశాడు. నేను నోటుపుస్తకం మూసి, కలం జేబులో పెట్టి, తల కిటికీ వైపు తిప్పుకున్నాను. కాసేపటికి ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. దారిలో కరప ఊరు దాటాక ఇద్దరూ నవ్వారు.

ఇప్పుడు మిగిలింది కొంచెమే. శ్రావణమాసంలో రామచంద్రపురంలో హైమావతి అక్కగారింట్లో పెళ్లయింది. ఆ రోజుకు ఇరవై ఒక్క మంది సెలవు పెట్టి, కారణం అన్న గడిలో ఒకే ముక్క రాశారు: "సొంత పని." శ్యామలాంబ గారు పట్టుచీర కట్టుకుని అందరికన్నా ముందు బస్సెక్కారు. ఆఫీసులో మిగిలింది ఎం.డి. గారూ, జగ్గప్ప గారూ. వారి లెక్కలో గవర్రాజుకు ఇంకా పెళ్లి కాలేదు. హైమావతి అప్పీలు నమూనాలో లేదు కాబట్టి తిరస్కరించారు. ఆమోదం పొందిన రాజోలు ఆవిడకు తొమ్మిదో రిమైండరు మొన్ననే వెళ్లింది.

నాకు మాత్రం మెమో వచ్చింది. "రామచంద్రపురం ప్రయాణమందు జరిగిన సంభాషణ మినిట్సు ఇంతవరకు దాఖలు చేయకుండుటకు కారణమేమి?" అని. ఎం.డి. గారు పిలిపించి ఎదురుగా నిలబెట్టారు.

"మీరు ముందు సీట్లోనే ఉన్నారట. ఒక్క ముక్కన్నా వినబడలేదా?"

నేను విన్నాను. కరప నుంచి రామచంద్రపురం దాకా ఆయన అడిగినవీ, ఆవిడ చెప్పినవీ, మధ్యలో ఇద్దరూ మాట్లాడకుండా ఊరుకున్నదీ అన్నీ విన్నాను. గవర్రాజు భార్య గురించి ఆవిడ ఒక మాట అంది. నేను ఇంటికి వెళ్లాక మా ఆవిడతో కూడా అది చెప్పలేదు. ఇక్కడా రాయను.

"లేదండి. ఇంజను మోతలో ఏమీ తెలియలేదండి. బాగా పాత బస్సు" అన్నాను.

ఆ బస్సు డిపోకి వచ్చి, మేం ఎక్కిన రోజుకి నెల కూడా కాలేదు.